కస్టమ్ పిస్టల్‌ని చూడటం నేర్చుకుందాం - 4వ పాఠం: ఫినిష్ చూసి ధర పట్టడం

స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం), ఫ్రేమ్ (దాన్ని మోసే కింది భాగం), గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) గుర్తుపట్టడం కిందటి పాఠంతో అయిపోయింది కదా, ఇవాళ ఫినిష్, అంటే పైన పట్టిన పాలిష్, పూత, దాన్ని బట్టి డబ్బు సంగతి. ఒకే 1911 మోడల్ పిస్టల్, జాన్ బ్రౌనింగ్ అనే తుపాకుల రూపకర్త డిజైనే, ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే రాక్ ఐలాండ్ కంపెనీది అమెరికా షాపుల్లో 500 డాలర్ల దరిదాపుల్లో దొరుకుతుంది, నైట్‌హాక్ కస్టమ్, విల్సన్ కాంబాట్ లాంటి కస్టమ్ కంపెనీలదైతే 4,000 కూడా దాటిపోతుంది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తేడాలో ఎక్కువ భాగం ఆకురాయి పట్టిన చేతికి పోయే కూలి, అది ఎక్కడ కనిపిస్తుందో పట్టుకోవడమే ఇవాళ్టి పని.

ముందు కన్ను సాధన చెయ్యాలి. ఇంట్లో బుడితి ఇత్తడి చెంబు ఉంటే ట్యూబ్‌లైటు కింద పట్టి మెల్లగా తిప్పండి, లైటు గీత చెంబు ఒంపు వెంట సాఫీగా జారిపోతుంటే పనితనం బాగున్నట్టు, ఎక్కడైనా వణికిందంటే అక్కడ సొట్టో ఎత్తుపల్లమో ఉన్నట్టు. స్లైడ్ పక్కభాగం మీద కూడా ఇదే చూడాలి. అది చదునైన తలం కాబట్టి మెరుపు గీత వంకర లేకుండా తిన్నగా పోవాలి, అంచు దాకా వెళ్లి టక్కున ఆగాలి. అంచు దగ్గర గీత వంగి కరిగిపోయిందంటే బఫింగ్ చక్రానికి (పాలిష్ పట్టే తిరుగుడు చక్రానికి) గట్టిగా అదిమేశారని అర్థం. చెక్కిన అక్షరాల చుట్టూ, పిన్ను రంధ్రాల చుట్టూ కూడా చూడండి, తొందరపడి పాలిష్ పట్టిన చోట అక్కడ చిన్న గుంటలా పడుతుంది, దాన్ని తర్వాత ఏ రంగూ సరిచెయ్యలేదు.

పిస్టల్‌కి ఆ నీలి నలుపు రంగు తెచ్చే బ్లూయింగ్ అంటే పెయింట్ కాదు, ఉక్కు పైపొరే ఆక్సైడ్‌గా మారడం. పల్చటి పొర కాబట్టి కింద గీత ఉంటే గీతే కనిపిస్తుంది, అందుకే అద్దంలాంటి బ్లూయింగ్‌కి అంత ఖరీదు. స్ప్రే చేసి ఓవెన్‌లో కాల్చే సెరాకోట్ అనే పూత సన్నని గీతల్ని చాలావరకు కప్పేస్తుంది, ధర కూడా తక్కువే పడుతుంది. అందానికి నా ఓటు బ్లూయింగ్‌కే, కానీ మన కళింగపట్నం ఉప్పుగాలికి అది ఆగదు, నూనె గుడ్డ పట్టి తుడుస్తూనే ఉండాలి, అలాంటి చోటుకి హార్డ్ క్రోమే (గట్టి క్రోమియం పూతే) మేలు.

గ్రిప్ ముందువైపు చెకరింగ్, అంటే పట్టు కోసం అడ్డంగా నిలువుగా కోసే గీతల వల, అంగుళానికి 20, 25, 30 గీతలుగా చేస్తారు. 30 చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పట్టు మాత్రం 20కే ఎక్కువ. చేతితో కోసిన పనిలో నైపుణ్యమంతా చివరి వరసలో బయటపడుతుంది, అక్కడ వజ్రాకారాలు సగంలో తెగిపోకుండా అంచుతో సమంగా ముగిశాయా చూడండి.

1911 మామూలుగా వాడే .45 తూటా కొలత మన దేశంలో నిషేధిత బోర్ (గొట్టం కొలత), మామూలు లైసెన్స్ మీద రాదు, కాబట్టి ఈ సాధనంతా ఫోటోల మీదే. వచ్చే పాఠంలోపు మూడు పిస్టళ్ల ఫోటోలు పేర్లు కప్పేసి పెద్దవి చేసి చూడండి, అంచులు, అక్షరాలు, చెకరింగ్ చివరి వరస చూసి ధర వరసలో పేర్చండి, ఆ తర్వాతే అసలు ధరలు తెరవండి. వచ్చేసారి గ్రిప్ చెక్క, వాల్‌నట్, కోకోబోలో.