దస్తావేజు చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: లాటిన్ పొట్టి అక్షరాలు

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. లింకు డాక్యుమెంటులో, అంటే అదే ఆస్తి పాత దస్తావేజులో, తూర్పు చెక్కుబంది (హద్దు) ‘పొలం’ అని ఉండి, కొత్తదాంట్లో ‘20 అడుగుల రోడ్డు’ అయితే ఏం చూడాలన్నది ప్రశ్న. ఆ రోడ్డుకు పోయిన జాగా ఎవరి విస్తీర్ణంలోంచి తీశారో లేఅవుట్ ప్లానులో చూడాలి. మీరు కొంటున్న సెంట్లలోంచే తీసి ఉంటే కాగితం మీది కొలత, నేల మీది కొలత కలవవు.

ఇక ఈ పాఠం. తిరుపతి, చిత్తూరు రిజిస్ట్రాఫీసుల దగ్గర లేఖరులు రాసే క్రయ దస్తావేజులు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. వాటిలో లాటిన్‌తో పేచీ తక్కువ. చిక్కంతా ఇంగ్లీషు కాగితాలతో: బ్యాంకు వకీలు ఇచ్చే లీగల్ ఒపీనియన్, బిల్డరుతో డెవలప్‌మెంటు అగ్రిమెంటు, అమెరికా నుంచి పిల్లలు పంపే జీపీఏ (తమ తరఫున పనులు చేయమని ఇచ్చే అధికారపత్రం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ). ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకునే చదవండి.

మొదట వి-ఐ-జెడ్, చివర చుక్క. పూర్తి రూపం ‘విడెలిసెట్’. మన దస్తావేజుల్లో ‘ఏవనగా’ అని రాసి వరస మొదలుపెడతారే, అదే పని. దీని తర్వాత వచ్చే జాబితా మామూలుగా పూర్తి జాబితా. అందులో లేనిది లేనట్టే. తిరుచానూరు రోడ్డులో స్థలం ఉన్న కొడుకు డాలస్ నుంచి నాయనకు జీపీఏ పంపాడనుకుందాం. ‘ఈ కింది పనులు చేయుటకు, విజ్.’ అని పెట్టి ఇంటిపన్ను కట్టడం, అద్దె వసూలు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయడం, ఆఫీసుల్లో సంతకాలు అని రాశారు. అమ్మే అధికారం రాయలేదు. ఆ నాయన అడ్వాన్సు తీసుకుని అగ్రిమెంటు రాసిస్తే కొనేవాడు చిక్కులో పడతాడు. జీపీఏలను కోర్టులు బిగించి చదువుతాయి. ‘అన్ని పనులూ చేయవచ్చు’ అన్న చివరి వాక్యాన్ని నమ్ముకుని అమ్మకానికి దిగకూడదు.

విజ్. చోట ‘ఇంటర్ ఏలియా’ ఉంటే జాబితా తెరిచే ఉన్నట్టు, అంటే ‘ఇతర విషయాలతో పాటు’ అని. అయినా అమ్మకం, తాకట్టు లాంటి పెద్ద అధికారాలు పేరు పెట్టి రాసి ఉండాలనే నేను పట్టుబడతాను. వకీలు ‘అదంతా వస్తుందిలెండి’ అన్నా సరే.

తర్వాతది ఐ.ఈ., పూర్తిగా ‘ఇద్ ఎస్ట్’, మన ‘అనగా’. దీనికి అటూ ఇటూ ఉన్నవి సమానం కావాలి కాబట్టి లెక్క వేసి చూడొచ్చు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72. కాబట్టి ‘5 సెంట్లు, ఐ.ఈ. 242 చదరపు గజాలు’ అంటే సరైన లెక్క. మన అంకణాల్లో 60.5 రావాలి. 30.25 అని కనబడితే రాసినవారు నెల్లూరు అంకణం వేశారన్నమాట. రిజిస్ట్రేషన్‌కు ముందే దిద్దించుకోండి. తర్వాతైతే సవరణ దస్తావేజు, మళ్లీ అందరి సంతకాలు.

ఈ.జి. అంటే ‘ఉదాహరణకు’. ఆస్తి షెడ్యూలులో దీనికి చోటే లేదు, ఆస్తిని ఉదాహరణగా అమ్మరు కదా! ఈటీసీ మాత్రం కనబడుతుంది, తెలుగులో ‘వగైరా’ వేషంలో. ‘బోరు, మోటారు, కరెంటు మీటరు వగైరా’ అన్నప్పుడు ఆ వగైరాలోకి అదే జాతి వస్తువులే వస్తాయని కోర్టులు చెబుతాయి. ఈ సూత్రానికి ‘ఎజుస్‌డెమ్ జెనెరిస్’ అని పేరు. పైపులు, స్టార్టరు వస్తాయి గానీ పక్కనున్న రేకుల షెడ్డు రాదు. షెడ్డు కావాలంటే షెడ్డు అని రాయించండి.

ఇక సంతకాల పేజీ. అమెరికా జీపీఏలో రాష్ట్రం, కౌంటీ పేర్ల పక్కన రెండు చిన్న ‘ఎస్’లు ఉంటాయి. అది ‘స్కిలిసెట్’కు పొట్టి రూపం, అక్కడి నోటరీల పాత అలవాటు. దానివల్ల మీకు లాభం లేదు, నష్టం లేదు. దాని పక్కనే మీరు చూడాల్సింది వేరు: నోటరీ సంతకం, ముద్ర, తేదీ. ఆ కాగితం ఇండియాలో చేతికందిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. స్టాంపుల చట్టం 18వ సెక్షన్ చెప్పేదదే. చాలామంది కవరును బీరువాలో పెట్టి బేరం కుదిరాక తీస్తారు.

ఎల్.ఎస్. అంటే ముద్ర వేసే చోటు. నకళ్లలో అసలు ముద్ర ఉన్నచోట ఈ రెండక్షరాలే టైపు చేస్తారు. సంతకం ముందు పి.పి. ఉంటే ఒకరి తరఫున ఇంకొకరు పెట్టారని. ఆ అధికారపత్రం అడిగి చూడండి.

లీగల్ ఒపీనియన్‌లో వెతకాల్సిన మాట ‘లిస్ పెండెన్స్’. ఆస్తి మీద దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా తీర్పుకు కట్టుబడాల్సిందే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 52వ సెక్షన్. నడుస్తున్న దావా సాధారణంగా ఈసీలో కనబడదు. అందుకే ‘నిల్ ఈసీ వచ్చింది’ అని బేరం ముగించకండి. అమ్మేవారి పేరు, ఇంటిపేరుతో ఈకోర్ట్స్ సైటులో కేసులు వెతకండి. నిల్ కూడా లాటినే, ఎవరికీ ఆ అనుమానం రాదు!

అభ్యాసం. ఒకటి: ‘3 సెంట్లు, ఐ.ఈ. 108 చదరపు గజాలు’. లెక్క ఎక్కడ తప్పింది, రాసినవారు దేన్ని దేనితో హెచ్చించి ఉంటారు? రెండు: జీపీఏలో ‘ఇంటర్ ఏలియా, అద్దె వసూలు చేయుట, పన్ను కట్టుట’ అని మాత్రమే ఉంది. ఆ ఏజెంటు ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చా?

వచ్చే పాఠంలో లాటిన్ కాని పొట్టి అక్షరాలు: టి.ఎస్. నంబరు, 1-బి, డీకేటీ (ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టా). మన జిల్లాల్లో కొంపలు ముంచేది ఎక్కువగా ఆ చివరిదే కాబట్టి, ఇంట్లో డీకేటీ పట్టా ఉన్నవారు దాన్ని దగ్గర పెట్టుకుని కూర్చోండి.