ఆకు పసరుతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతుందన్న మెసేజ్ వస్తే ఎలా చదవాలి

ఇంట్లో ఎవరికైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలిందంటే చాలు, ఫోన్ నిండా ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు బలమట, పసుపు సర్వైకల్ క్యాన్సర్ కణాలను చంపేస్తుందట. పంపేవాళ్లు ప్రేమతోనే పంపుతారు, వాళ్లతో గొడవ అనవసరం. ఆ మెసేజ్‌లో పస ఎంతో మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఒక సంగతి. మొక్కల మందు కావాలా, కీమో కావాలా అనే పోటీయే అర్థం లేనిది. ఈ క్యాన్సర్ వేరే అవయవాలకు పాకినప్పుడు లేదా తిరగబెట్టినప్పుడు సెలైన్‌లో ఎక్కించే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదట దొరికింది అమెరికాలోని పసిఫిక్ యూ చెట్టు బెరడులో. మన్సుఖ్ వాణి, మన్రో వాల్ అనే శాస్త్రవేత్తల బృందం 1971లో దాని నిర్మాణాన్ని ప్రచురించింది. టోపోటెకాన్ అనే మరో కీమో మందుకు మూలమైన కాంప్టోథెసిన్ కూడా ఒక చైనా చెట్టుదే, మన పశ్చిమ కనుమల్లో ఉండే ఒక చెట్టులోనూ దొరుకుతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో కలిపి టోపోటెకాన్‌ను ఈ క్యాన్సర్‌కు వాడటానికి 2006లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అలాగని పెరట్లో బిళ్ళగన్నేరు ఆకులు నూరి తాగకండి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఆ మొక్క నుంచే వస్తుంది, నిజమే, కానీ దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు, కాస్త ఎక్కువైనా నాడులు దెబ్బతింటాయి. ఆకులో ఎంత ఉందో ఎవరు కొలుస్తారు?

ఇక మెసేజ్‌లో మొదట వెతకాల్సింది, పరీక్ష ఎక్కడ జరిగిందని. హీలా, సిహా, కాస్కీ అనే పేర్లు కనబడితే అది ల్యాబ్‌లో, గాజు గిన్నెలో పెంచిన కణాల మీద చేసిన పని. హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసినవి, ఇప్పటికీ ప్రపంచమంతా వాటినే వాడుతోంది. గిన్నెలో కణాలు చావడం పెద్ద విశేషం కాదండీ, ఉప్పు ఎక్కువేసినా చస్తాయి. లక్ష్మణఫలం పదివేల రెట్ల కథ అయితే ఇంకా విచిత్రం. అది గింజల నుంచి తీసిన ఒక పదార్థాన్ని పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి చూసిన ఫలితం. పండుతోనూ సంబంధం లేదు, గర్భాశయంతోనూ లేదు.

తర్వాత మోతాదు చూడండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థాన్ని ల్యాబ్‌లో సాధారణంగా 10 మైక్రోమోలార్ (ద్రవంలో మందు ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత), అంతకంటే ఎక్కువే వాడతారు. తైవాన్‌లో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగించినా రక్తంలో సగటున 2 మైక్రోమోలార్ కూడా రాలేదు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం అనుకుంటే, 8 గ్రాములంటే రోజుకు పావుకిలో పైనే పసుపు తినాలన్నమాట. ఆ అధ్యయనంలోనే గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందరి మార్పులున్న నలుగురు ఉన్నారు. ఒకరికి మెరుగైంది, ఇంకొకరికి కర్క్యుమిన్ వాడుతుండగానే క్యాన్సర్ వచ్చింది. నలుగురితో ఏదీ తేలదు, కానీ ఫార్వర్డ్ చేసేవాళ్లు మొదటామె సంగతే చెబుతారు.

మనుషుల మీద, మందు లేని డమ్మీ మాత్రతో పోల్చి చూశారా అన్నది మూడోది. గ్రీన్ టీ సారాన్ని హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) ఉండి తొలిదశ మార్పులున్న ఆడవాళ్లకు 4 నెలలు ఇచ్చి చూశారు, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా రాలేదు. అదే గ్రీన్ టీ నుంచి చేసిన ఆయింట్‌మెంట్ మాత్రం హెచ్‌పీవీ వల్ల జననాంగాల దగ్గర బయటి చర్మం మీద వచ్చే పులిపిర్లకు అమెరికాలో 2006 నుంచీ అనుమతి పొందిన మందు. వైరస్ పేరు ఒకటే అయినా రెండూ వేరు వేరు జబ్బులు.

చికిత్స నడుస్తుంటే కూరలో పసుపు, రసంలో మిరియాలు మామూలుగా తినొచ్చు. క్యాప్సూళ్ల సంగతి వేరు. కర్క్యుమిన్ బాగా ఒంటబట్టడానికి అందులో మిరియాల పిపెరిన్ కలుపుతారు, అది మందులను అరిగించే ఎంజైములకు అడ్డుపడగలదు, పాక్లిటాక్సెల్ కూడా కొంత ఆ ఎంజైముల ద్వారానే అరుగుతుంది. కొందరికి పసుపు సప్లిమెంట్లతో లివర్ కూడా దెబ్బతింది. అందుకే వాడుతున్న కషాయం, లేహ్యం, క్యాప్సూల్ ఏదైనా సీసాతో సహా ఆంకాలజిస్టు ముందు పెట్టండి. తిడతారని దాచొద్దు, తిడితే తిట్టనివ్వండి.

పసరు వాడి చూద్దాం, తర్వాత ఆసుపత్రికి వెళ్దాం అనుకోవడం మాత్రం అసలు వద్దు. తొలిదశలో ఇది ఆపరేషన్‌తోనో, రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్‌తోనో నయమయ్యే క్యాన్సర్, నెలలు పోతే ఆ అవకాశం జారిపోతుంది. డబ్బు ఇబ్బందైతే ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద చికిత్స గురించి అడగండి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఎవరైనా కొత్త మొక్కల మందు ట్రయల్‌లో చేరమంటే మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో దాని రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడండి, అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి. పరీక్షలో ఉన్న మందుకు మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.