గురుగ్రహం ఎక్స్‌రేలను మన ల్యాప్‌టాప్‌లో వెతకడం ఎలా

మా నల్లగొండలో ఎక్స్‌రే అంటే ఫ్లోరైడ్ నీళ్లకు వంకరపోయిన ఎముకలే గుర్తొస్తాయి, అందుకే గురుగ్రహం నుంచి కూడా ఎక్స్‌రేలు వస్తాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. లతీఫ్ సాహెబ్ గుట్ట మీదికి ఎంత పెద్ద టెలిస్కోప్ మోసుకెళ్లినా అవి కనపడవు, మన గాలి పొరే వాటిని మింగేస్తుంది. అంతరిక్షంలోంచే చూడాలి. చూసిన డేటా మాత్రం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

భూమి చుట్టూ తిరిగే నాసా ఎక్స్‌రే టెలిస్కోప్ చంద్ర అబ్జర్వేటరీ ఆర్కైవ్‌లో జూపిటర్ అని పేరుతోనే వెతకండి, గ్రహం ఒకచోట కుదురుగా ఉండదు కాబట్టి ఆకాశంలో స్థానం ఇస్తే లాభం లేదు. మొదటిసారి హెచ్ఆర్‌సీ కెమెరాతో తీసినదే తీసుకోండి. ఏసిస్ అనే ఇంకో కెమెరాలో ఎనర్జీ బాగా తెలుస్తుంది గానీ, గురుడి మామూలు వెలుగు కూడా అందులోకి దూరి లెక్క చెడగొడుతుంది.

దిగేది ఫొటో కాదు, ఒక్కో ఫోటాన్ (వెలుగు కణం) ఎప్పుడు, ఎక్కడ తగిలిందో రాసిన పెద్ద పట్టిక. దాన్ని విప్పే సాఫ్ట్‌వేర్ పేరు (CIAO) పలికితే 'చావ్'. భయపడకండి, ఇటాలియన్‌లో అది పలకరింపే.

అసలు తలనొప్పి ఇక్కడుంది. గంటల తరబడి చూస్తుంటే గురుడు నక్షత్రాల మధ్య జరుగుతూనే ఉంటాడు, పైగా చంద్ర కూడా చందమామ దూరంలో మూడో వంతు దాకా వెళ్లొస్తుంటుంది, అందుకని పట్టికను ఉన్నదున్నట్టు గీస్తే మరకే వస్తుంది. అందులోని 'ఎస్ఎస్ఓ ఫ్రీజ్' (sso_freeze) అనే ఆదేశానికి గ్రహం దారి, చంద్ర దారి రెండూ ఇస్తే ప్రతి ఫోటాన్‌నూ గ్రహంతో పాటు జరిపి పెడుతుంది. నేను ఇది వదిలేసి రెండు రాత్రులు మస్తు తిప్పలు పడ్డాను.

తర్వాత గ్రహం మీద ఒక వృత్తం, పక్కన ఖాళీ ఆకాశంలో అంతే వృత్తం గీసి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. ఖాళీ చోట 9 పడితే గ్రహం మీద 12 కనపడినా దొరికినట్టు కాదు, 3 అటూ ఇటూ ఊకెనే వస్తాయి. 25 ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. యురేనస్ సంగతే చూడండి, 2002లో తీసిన డేటాలోని ఎక్స్‌రేల గురించి 2021లో గానీ ప్రకటించలేదు.

గురుడికి అంత టెన్షన్ లేదు. గురుడి చుట్టూ తిరిగే అయో అనే చందమామ అగ్నిపర్వతాల నుంచి వచ్చిన గంధకం, ఆక్సిజన్ అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) ధ్రువాల మీద పడి అక్కడ బాగా మెరుస్తాయి, మిగతా ఒంటి మీద కనపడేది చాలావరకు సూర్యుడి ఎక్స్‌రేల చెదురే. 2000 డిసెంబర్ డేటాలో ఉత్తరాన ఒక మచ్చ దాదాపు 45 నిమిషాలకోసారి గుండెలా కొట్టుకుంది. మీరూ సమయాన్ని 5 నిమిషాల ముక్కలు చేసి చూడండి, అయితే గురుడు 10 గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు కాబట్టి ఆ మచ్చ అవతలికి పోయిన గంటల్ని ముందే తీసేయండి. అప్పటికీ రాకపోతే ఇంకో రోజు డేటా దించండి, అది ప్రతిసారీ కొట్టుకోదు.