అపాచీ 2.4.49, 2.4.50 లొసుగు: మీ సర్వర్‌లో ఉందో లేదో చూసి మూసేయడం ఎలా

2021 అక్టోబర్ మొదటి వారంలో అపాచీ వెబ్ సర్వర్‌కు వెంటవెంటనే రెండు అత్యవసర వెర్షన్లు వచ్చాయి: 4న 2.4.50, 7న 2.4.51. మొదటిది సీవీఈ-2021-41773 అనే లొసుగును మూయడానికి వచ్చింది (సీవీఈ అంటే బయటపడ్డ ప్రతి లొసుగుకూ ఇచ్చే గుర్తింపు నంబర్). బయటివాళ్లు సర్వర్‌లోని ఫైళ్లు చదవడానికి, కొన్నిచోట్ల కమాండ్లు నడపడానికి కూడా దారిచ్చే లొసుగు ఇది. అది పూర్తిగా మూతపడలేదు కాబట్టి రెండోది రావాల్సి వచ్చింది. ఆ మిగిలిన సందుకు సీవీఈ-2021-42013 అని వేరే నంబర్ ఇచ్చారు. దీని తీవ్రత 10కి 9.8. ప్యాచ్ బయటికి వచ్చేసరికే దాడులు మొదలయ్యాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా పబ్లిక్ ఐపీ ఉన్న ఏ సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచినా ఈ ప్రయత్నాలు కనబడుతూనే ఉంటాయి.

దెబ్బతినేవి 2.4.49, 2.4.50 మాత్రమే. 2.4.48లోగానీ అంతకు ముందువాటిలోగానీ ఇది లేదు.

ఎక్కడ తప్పింది

అడ్రస్‌లో రెండు చుక్కలు, ఒక స్లాష్ (../) వస్తే ఒక డైరెక్టరీ పైకి వెళ్లమని అర్థం. వాటిని ముందే ఏరేసి, అనుమతించిన ఫోల్డర్ దాటనివ్వకుండా చూడాల్సింది సర్వరే. 2.4.49లో ఆ పని చేసే కోడ్‌ను మార్చారు. కొత్త ఫంక్షన్ అడ్రస్‌ను ఎడమ నుంచి ఒక్కో అక్షరం చదువుతూ, % కోడ్‌లను (అక్షరానికి బదులు % గుర్తు పెట్టి దాని నంబర్ రాసేవి) దారిలోనే మామూలు అక్షరాలుగా మారుస్తూ పోతుంది. స్లాష్ తర్వాత చుక్క కనబడగానే, పక్కన ఇంకో చుక్క ఉందా అని చూస్తుంది. ఆ పక్క అక్షరం మాత్రం ఇంకా డీకోడ్ కాలేదు. రెండో చుక్కను %2ఇ అని రాసి పంపితే ఫంక్షన్‌కు కనబడేది % గుర్తే, చుక్క కాదు. (ఇక్కడ ‘ఇ’ అని రాసినచోటల్లా ఇంగ్లిష్ అక్షరం అనుకోండి. పెద్దదైనా చిన్నదైనా ఒకటే.) తర్వాతి అడుగులో %2ఇ చుక్కగా మారుతుంది గానీ, అప్పటికి తనిఖీ అయిపోయింది. మొదటి చుక్కను ఎలా రాసినా ఫరవాలేదు, రెండోదే కీలకం. లాగ్‌లలో .%2ఇ, %2ఇ%2ఇ రెండు రూపాలూ కనబడటానికి కారణం అదే.

2.4.50లో ఆ తనిఖీకి %2ఇ రూపాన్ని కూడా చేర్చారు. వెంటనే దాన్ని %%32%65 అని రాయడం మొదలైంది. %32 అంటే 2, %65 అంటే ఇ. ఒకసారి డీకోడ్ చేస్తే %2ఇ మిగులుతుంది. తర్వాత ఇంకోచోట రెండోసారి డీకోడ్ అయ్యేటప్పుడు అది చుక్కగా మారుతుంది. 2.4.51తో ఆ దారి కూడా మూసుకుపోయింది. ‘.%2ఇ వస్తే ఆపెయ్’ అని ఫైర్‌వాల్‌లో ఒక రూల్ రాసి ఊరుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2.4.50లో చేసిందీ అదే.

కోడ్ తప్పు ఒక్కటే ఉంటే సరిపోదు, ఇంకో రెండు కుదరాలి. ఒకటి, ఎలియాస్ లేదా స్క్రిప్ట్‌ఎలియాస్‌తో (వెబ్ అడ్రస్‌ను వేరేచోట ఉన్న ఫోల్డర్‌కు కలిపే సెట్టింగ్‌లు) కలిపిన దారి ఏదైనా ఉండాలి. చాలా ఇన్‌స్టాలేషన్లలో ఐకాన్స్, సీజీఐ-బిన్ (సర్వర్ నడిపే ప్రోగ్రామ్‌లు ఉండే ఫోల్డర్) ఎలాగూ ఉంటాయి. రెండు, ఫైల్ సిస్టమ్ రూట్‌కు (అన్ని ఫోల్డర్లకూ పైనున్నది) ‘రిక్వైర్ ఆల్ డినైడ్’, అంటే ఎవరినీ రానివ్వొద్దు అనే రక్షణ లేకపోవాలి. అపాచీతో వచ్చే కాన్ఫిగ్‌లో (సెట్టింగ్‌ల ఫైల్) ఆ లైన్ ఉంటుంది, తీసేసేది మనమే. వెబ్‌సైట్ ఫోల్డర్‌ను కొత్త చోటికి మార్చగానే 403 (అనుమతి లేదన్న జవాబు) వస్తుంది. ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని రూట్ బ్లాక్‌లోనే ‘డినైడ్’ను ‘గ్రాంటెడ్’ చేసేస్తారు, సైట్ తెరుచుకుంటుంది, ఇక ఆ లైన్ జోలికి ఎవరూ వెళ్లరు.

మీ దగ్గర ఏ వెర్షన్ నడుస్తోంది

డెబియన్, ఉబుంటులలో అపాచీ2సీటీఎల్ కమాండ్‌ను, రెడ్‌హ్యాట్ కుటుంబంలో హెచ్‌టీటీపీడీ కమాండ్‌ను హైఫన్, చిన్న వీ ఆప్షన్‌తో నడపండి. బ్రౌజర్‌కు వచ్చే సర్వర్ హెడర్‌ను నమ్మొద్దు. సర్వర్‌టోకెన్స్ అనే సెట్టింగ్‌ను ‘ప్రాడ్’ అని పెడితే అందులో నంబరే ఉండదు. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలైతే చాలావరకు భయం లేదు: ఉబుంటు 20.04లో 2.4.41, ఉబుంటు 22.04లో 2.4.52, రెడ్‌హ్యాట్ 8లో 2.4.37, సెంటోస్ 7లో 2.4.6. ఆ పాత నంబర్లు చూసి స్కానర్ గగ్గోలు పెట్టినా కంగారు పడక్కర్లేదు. నంబర్ మార్చకుండా ప్యాచ్‌లు మాత్రం వెనక్కి తెచ్చి కలపడం వాళ్ల పద్ధతి. అయితే సెంటోస్ 7కు 2024లో, ఉబుంటు 20.04 మామూలు సపోర్ట్‌కు 2025లో గడువు ముగిసింది.

అసలు వెతకాల్సినవి వేరే. సోర్స్ నుంచి చేత్తో కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్ కింద పెట్టినవి, విండోస్‌లో జిప్ విప్పి నడుపుతున్నవి, వేరే సాఫ్ట్‌వేర్ తనతోపాటు మోసుకొచ్చినవి, 2.4.49 అనే ట్యాగ్‌కు కట్టేసిన డాకర్ ఇమేజ్‌లు. ఒకే మెషీన్‌లో రెండు అపాచీలు ఉండటం మామూలే. కాబట్టి కమాండ్ చెప్పిన వెర్షన్‌తో ఆగకుండా, 80, 443 పోర్టుల్లో వింటున్న ప్రాసెస్ నంబర్‌ను ఎస్ఎస్ కమాండ్‌తో తెలుసుకుని, అది ఏ ఫైల్ నుంచి నడుస్తోందో ప్రాక్ ఫోల్డర్‌లో చూడండి.

పరీక్షించడం

మీది కాని సర్వర్ మీద ఇది చేయొద్దు. అనుమతి లేకుండా చేస్తే మన దేశంలో ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. మీ సర్వర్‌లోనే లాగిన్ అయి, కర్ల్‌తో (వెబ్ అడ్రస్‌లను తెరిచే కమాండ్) లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే మెషీన్‌కు, ఈ దారి పంపండి:

/ఐకాన్స్/.%2ఇ/.%2ఇ/.%2ఇ/.%2ఇ/.%2ఇ/ఈటీసీ/హోస్ట్‌నేమ్

‘పాత్-యాజ్-ఈజ్’ ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే కర్ల్ చుక్కల దారిని తానే సర్ది పంపే అవకాశం ఉంది. అప్పుడు మీరు పరీక్షించింది సర్వర్‌ను కాదు, కర్ల్‌ను. ఎన్ని మెట్లు ఎక్కాలో లెక్క తెలియకపోతే ఒకటి రెండు ఎక్కువ పెట్టినా పర్లేదు, రూట్ పైకి వెళ్లేదేమీ ఉండదు.

200 (అంతా సరే అన్న జవాబు)తో హోస్ట్‌నేమ్ వచ్చిందంటే తలుపు బార్లా తెరిచి ఉంది. 403 వచ్చి, ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్01630 అనే అపాచీ ఎర్రర్ కోడ్ కనబడితే కోడ్ లోపం ఉండొచ్చు గానీ కాన్ఫిగ్ అడ్డుకుంది. అప్పుడు కూడా అప్‌డేట్ చేయాల్సిందే. 400తో ఏహెచ్10244 వస్తే అడ్రస్‌నే తిరస్కరించింది. అయితే 2.4.50 కూడా దీనికి 400 ఇస్తుంది, కాబట్టి రెండో చుక్క స్థానంలో %%32%65 పెట్టి మళ్లీ చూడాలి. 404 (దొరకలేదు) వస్తే బహుశా ఐకాన్స్ ఎలియాస్ లేదు. కాన్ఫిగ్ ఫైళ్లలో ఎలియాస్ అన్న మాట వెతికి, దొరికినవాటితో ప్రయత్నించండి.

సీజీఐ-బిన్ దారిలో పరీక్షించి 500 (సర్వర్‌లోనే లోపం అన్న జవాబు) వస్తే మాత్రం మోసపోవద్దు. సీజీఐ మాడ్యూల్ ఆన్‌లో ఉంటే అపాచీ ఆ ఫైల్‌ను చదివి ఇవ్వదు, ప్రోగ్రామ్‌గా నడపబోతుంది. హోస్ట్‌నేమ్ ఫైల్ నడిచేది కాదు కాబట్టి 500 ఇస్తుంది. అదే దారిలో షెల్‌ను (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) అడిగితే నడుస్తుంది. అంటే ఆ 500 అర్థం, ఫైల్ చదవడం కంటే పెద్ద ప్రమాదం ఉందని.

మూయడం

ముందు కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పక్కన పెట్టండి. 2.4.51తో ఆగకుండా 2.4 వరుసలో ఇప్పుడున్న తాజా వెర్షన్‌కు వెళ్లండి. 2.4.52లోనే మాడ్_లువా అనే మాడ్యూల్‌లో ఇంకో తీవ్రమైన లోపాన్ని (సీవీఈ-2021-44790) సరిచేశారు, ఆ తర్వాతా చాలా వచ్చాయి.

ప్యాకేజీ అయితే ఏపీటీ లేదా డీఎన్ఎఫ్ అప్‌గ్రేడ్‌తో అయిపోతుంది. సోర్స్ నుంచి కట్టినదైతే, పాత ఇన్‌స్టాలేషన్‌లోని బిల్డ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్.నైస్ అనే స్క్రిప్ట్ ఉంటుంది. అప్పట్లో ఇచ్చిన ఆప్షన్లన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని కొత్త సోర్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి నడిపితే చాలు, గుర్తుతెచ్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. తర్వాత మేక్, మేక్ ఇన్‌స్టాల్. మీ కాన్ఫిగ్ ఫైళ్లను అది చెరపదు. డాకర్ అయితే కంటెయినర్‌ను రీస్టార్ట్ చేస్తే ఏమీ మారదు. ఫైల్‌లో ట్యాగ్ మార్చి, ‘పుల్’, ‘నో-క్యాష్’ ఆప్షన్లతో ఇమేజ్ మళ్లీ కట్టి, పాత కంటెయినర్‌ను తీసేసి కొత్తది లేపాలి.

కాన్ఫిగ్‌టెస్ట్ నడిపి ‘సింటాక్స్ ఓకే’ వచ్చాక అపాచీని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ చాలదు. అది కాన్ఫిగ్‌ను మళ్లీ చదువుతుంది గానీ పేరెంట్ ప్రాసెస్ పాతదే నడుస్తుంటుంది. లొసుగు ఉన్న కోడ్ ఆ మూల ప్రోగ్రామ్‌లోనే ఉంది. అప్‌డేట్ చేశామని నిశ్చింతగా ఉన్నా పాత కోడే జవాబులిస్తుంటుంది. అనుమానం ఉంటే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో ‘ఎక్జె’ లింక్ చూడండి. పక్కన ‘డిలీటెడ్’ అని ఉంటే పాతదే నడుస్తోంది.

ఇప్పుడు కాన్ఫిగ్. డైరెక్టరీ పేరు ఒట్టి స్లాష్‌గా ఉన్న బ్లాక్‌ను వెతికి, అందులో ‘అలౌఓవర్‌రైడ్ నన్’, ‘రిక్వైర్ ఆల్ డినైడ్’ రెండూ ఉండేలా చూడండి. తర్వాత వెబ్‌సైట్ ఉన్న ఫోల్డర్‌కు విడిగా డైరెక్టరీ బ్లాక్ రాసి ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ అక్కడ ఇవ్వండి. ప్రతి ఎలియాస్‌కూ ఇలాగే దాని బ్లాక్ దానికి ఉండాలి. మార్చాక 403 వస్తే మళ్లీ రూట్ బ్లాక్ మీద పడకుండా ఎర్రర్ లాగ్ చదవండి. ఏహెచ్01630 అయితే ఏదో ఫోల్డర్‌కు బ్లాక్ రాయడం మరిచారు. ఏహెచ్00035 అయితే కాన్ఫిగ్ తప్పు కాదు, దారిలోని ఏదో ఫోల్డర్‌లోకి అడుగుపెట్టే అనుమతి అపాచీ యూజర్‌కు లేదు. సైట్‌ను ఎవరి హోమ్ ఫోల్డర్‌లోనో పెట్టినప్పుడు ఎక్కువగా వచ్చేది ఇదే.

సీజీఐ వాడకపోతే తీసేయండి. వెర్షన్ చూసిన కమాండ్‌నే హైఫన్, పెద్ద ఎం ఆప్షన్‌తో నడిపితే మాడ్యూళ్ల జాబితా వస్తుంది. అపాచీ పనిని పంచుకునే పద్ధతి ప్రీఫోర్క్ అయితే అందులో సీజీఐ, వర్కర్ లేదా ఈవెంట్ అయితే సీజీఐడీ అని ఉంటుంది. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంకు ఈ రెండూ అవసరం లేదు. సీజీఐ తీసేయడం కమాండ్లు నడపడాన్ని ఆపుతుందే తప్ప, ఫైళ్లు చదవడాన్ని కాదు.

ఎవరైనా ముందే లోపలికి వచ్చారా

యాక్సెస్ లాగ్‌లలో %2ఇ, %%32%65 రెండింటినీ వెతకండి. పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతకాలి, కుదించిన పాత లాగ్‌లకు జీగ్రెప్ వాడాలి. డెబియన్ మామూలుగా 14 రోజుల లాగ్‌లే ఉంచుతుంది, అంతకు ముందటివి మీరు వేరేచోట దాచి ఉంటేనే.

400, 403, 404 వచ్చిన లైన్లు వందలున్నా పట్టించుకోనక్కర్లేదు, అవి తలుపు తట్టి వెళ్లినవే. గెట్‌కు (ఫైల్ అడిగే రిక్వెస్ట్) 200 వస్తే ఫైల్ బయటికి పోయింది. సీజీఐ-బిన్‌కు పోస్ట్ (డేటా పంపే రిక్వెస్ట్) వెళ్లి 200 వస్తే కమాండ్ నడిచింది. పోస్ట్‌కు 500 వచ్చినా తోసిపుచ్చొద్దు. కమాండ్ నడిచి, దాని అవుట్‌పుట్‌కు సరైన హెడర్ లేకపోతే అపాచీ 500 ఇస్తుంది. పని మాత్రం అప్పటికే జరిగిపోయింది. ఏ కమాండ్ ఇచ్చారో యాక్సెస్ లాగ్‌లో దొరకదు, పోస్ట్ బాడీ అందులోకి రాదు.

అపాచీ యూజర్ పేరుతో నడుస్తున్న అపాచీ కాని ప్రాసెస్‌లు, ఆ యూజర్ క్రాన్‌ట్యాబ్ (వేళకు నడిచే పనుల జాబితా), టెంప్, డెవ్ షమ్ ఫోల్డర్లు, వెబ్ ఫోల్డర్‌లో కొత్తగా పుట్టిన పీహెచ్‌పీ ఫైళ్లు, బయటికి వెళ్తున్న కనెక్షన్లు చూడండి. ఏమీ దొరకలేదంటే ఎవరూ రాలేదని రుజువు కాదు. రక్షణ లైన్ లేని 2.4.49 గానీ 2.4.50 గానీ ఇంటర్నెట్‌లో నెలల తరబడి ఉంటే, సీజీఐ ఆన్‌లో ఉంటే, ఆ మెషీన్‌ను శుభ్రం చేయడం మీద సమయం పెట్టడం దండగ. డేటా మాత్రం తీసుకుని కొత్తగా కట్టండి.

అపాచీ యూజర్ చదవగలిగే ప్రతి రహస్యమూ బయటపడిందనే లెక్క: డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్, ఎన్వ్ ఫైల్, పేమెంట్ గేట్‌వే కీలు, మెయిల్ పాస్‌వర్డ్. యూజర్ల పాస్‌వర్డ్‌లు ఉండే షాడో ఫైల్‌ను, రూట్ యూజర్‌కు మాత్రమే 600 అనుమతితో ఉన్న టీఎల్ఎస్ ప్రైవేట్ కీని ఆ యూజర్ చదవలేడు. కానీ ఆ కీ అనుమతులు ఎప్పుడైనా సడలించి ఉంటే సర్టిఫికెట్ కూడా కొత్తది తీసుకోవాలి. వీటన్నిటినీ కొత్త సర్వర్ లేచాకే మార్చండి. పాత మెషీన్‌లో ఉండగా మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా పాత దారిలోనే పోతుంది. అదే డేటాబేస్ పాస్‌వర్డ్‌ను వేరే సర్వర్‌లోనూ వాడి ఉంటే అక్కడా మార్చాలి.