డెలివరీ పనిలో కొత్తగా చేరారా? ఐడీ బ్లాక్ అవకుండా మొదటి ఏడాది గట్టెక్కడం ఎలా

పార్సిల్ హబ్‌లో ఎవరినీ పిలిచి 'రేపట్నుంచి రావద్దు' అని చెప్పరు. పొద్దున్నే వెళ్తే యాప్‌లో లాగిన్ అవదు. ఇన్‌ఛార్జిని అడిగితే 'పైనుంచి ఐడీ బ్లాక్ చేసీసినారు, నా చేతిలో ఏటీ నేదు' అంటాడు. ఉద్యోగం పోయిందన్న మాట అంతే. పని చేతకాక ఐడీ పోగొట్టుకునేవాళ్లు తక్కువ. నగదు లెక్క తేలకపోవడం, పార్సిల్ కనబడకపోవడం, తప్పుడు రిమార్కు (పార్సిల్ ఎందుకు ఇవ్వలేదో యాప్‌లో వేసే కారణం) పడటం, సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం. మూడింట్లోనూ కంపెనీ దగ్గర యాప్ రికార్డు ఉంటుంది, మీ దగ్గర ఏమీ ఉండదు. అసలు చిక్కు అదే.

జీతం ఇచ్చేది ఎవరో ముందు తేల్చుకోండి

చొక్కా మీద ఒక కంపెనీ పేరుంటుంది, జీతం ఇంకొకరు వేస్తారు. శ్రీకాకుళం, విజయనగరంలాంటి చోట్ల కంపెనీ సొంత రోల్‌లో చేరేవాళ్లకంటే ఏజెన్సీ పేరుమీదో, ఫ్రాంచైజీ కిందో, ప్యాకెట్‌కి ఇంత అనో చేరేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. రేపు జీతం ఆగినా, ప్రమాదం జరిగినా ఎవరిని పట్టుకోవాలన్నది ఇక్కడే తేలిపోతుంది.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు యజమాని బాధ్యత. అందులో యజమాని పూర్తి పేరు, చేరిన తేదీ, హోదా, బేసిక్ జీతం, ప్రొబేషన్ ఎన్నాళ్లు, నోటీసు ఎన్ని రోజులు అన్నవి చూసుకోండి. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ని పెద్దగా కారణం చూపకుండా ఆపేయవచ్చు. కాబట్టి ప్రొబేషన్ ముగిసే తేదీని నోట్ చేసుకుని, ఆ రోజు దాటగానే కన్ఫర్మేషన్ అడుగుతూ ఒక మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా అడిగినట్టు మీ దగ్గర ఉంటుంది.

పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, తేదీ లేని రాజీనామా కాగితం: ఈ మూడూ ఎవరడిగినా ఇవ్వకండి. ఖాళీ చెక్కు చేతిలో ఉంటే రేపు వాళ్లు వేసుకున్న అంకెకి మీరు చెక్‌బౌన్స్ కేసు ఎదుర్కోవాలి. ఉద్యోగానికి 'రిజిస్ట్రేషన్ ఫీజు' ఫోన్‌పే చేయమన్నారంటే అక్కడ ఉద్యోగమే లేదు.

పీఎఫ్, ఈఎస్ఐ: మూడో నెలలో ఒకసారి చూడాలి

20 మంది, అంతకుమించి పనిచేసే సంస్థకి పీఎఫ్ వర్తిస్తుంది, మీ వాటా 12 శాతం. 10 మంది, అంతకుమించి ఉన్నచోట 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉంటుంది. అందులో మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25. అంటే 14,000 జీతానికి మీకు తెగేది 105 రూపాయలు. స్లిప్‌లో కోత పడినంత మాత్రాన డబ్బు జమైనట్టు కాదు. ఈ నెల కోత వచ్చే నెల 15లోగా కట్టాలి. అందుకని మూడో నెలలో ఉమంగ్ యాప్ తెరిచి, మీ 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు)తో పాస్‌బుక్ చూడండి. రెండు నెలల జమ కనిపించకపోతే ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి. జమ లేదంటే ఏజెన్సీ రికార్డులో అసలు మీరున్నారా అన్నదే అనుమానం.

ఈఎస్ఐలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. జ్వరం వచ్చి సెలవు పెడితే నగదు రావడానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా కావాలి. డ్యూటీలో దెబ్బ తగిలితే అలాంటి షరతేమీ లేదు, చేరిన రోజునుంచే వర్తిస్తుంది, పని చేయలేని రోజులకి వేతనంలో సుమారు 90 శాతం వస్తుంది. ఆ టైములో డ్యూటీలోనే ఉన్నారని నిరూపించేది ఆ రోజు రన్‌షీట్, అంటే యాప్‌లో మీకిచ్చిన పార్సిళ్ల జాబితా. ప్రమాదం జరిగిన గంటలోపే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకి పంపేయండి.

ప్యాకెట్‌కి ఇంత అని చేసేవాళ్లకి, యాప్ పార్ట్‌నర్లకి సాధారణంగా ఇవేవీ దక్కవు. వాళ్లు ఈ-శ్రమ్‌లో (కార్మికుల నమోదుకి కేంద్ర ప్రభుత్వ పోర్టల్) ప్లాట్‌ఫాం వర్కర్‌గా నమోదు చేసుకోవాలి, బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోవాలి. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు. టీ, సమోసా ఖర్చు. అయినా చాలామంది తీసుకోరు. బండి బీమా కాగితం కూడా ఒకసారి చదవండి. సొంత వాడకం పాలసీతో సరుకు తిప్పుతుండగా ప్రమాదమైతే బండి డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది.

పొద్దున్న పది నిమిషాలు

రన్‌షీట్‌లో 62 అని ఉంటుంది, సంచిలో 61 ఉంటాయి. లైన్ వెనక నలుగురు తొందరపెడుతుంటే కొత్తవాడు 'సరే' నొక్కేస్తాడు. ఆ క్షణం నుంచి 62వ పార్సిల్ బాధ్యత అతనిది. సాయంత్రం 'పొద్దున్నే లేదండీ' అంటే ఎవరూ వినరు.

అందుకని ఒక్కో ప్యాకెట్‌ని మీ చేత్తోనే అవుట్‌స్కాన్ చేయండి (బయటికి తీసుకెళ్తున్నట్టు స్కాన్ కొట్టడం), మొత్తం గుత్తిని ఒకేసారి ఒప్పుకోవద్దు. టేపు రెండుసార్లు వేసినట్టున్నది, మూల నలిగినది, తడిసినది, ఫోన్ పెట్టె అయ్యుండీ తేలిగ్గా అనిపించినది, ఇవన్నీ పక్కన పెట్టి లేబుల్ నంబరు కనబడేలా ఫొటో తీయండి. ఇన్‌ఛార్జికి వాట్సాప్ చేసి, డ్యామేజీ రిమార్కు పడ్డాకే ఎత్తుకోండి. ఖరీదైనవి సంచి అడుగున, మీ వీపువైపు సర్దుకోండి. మెట్లెక్కి పైకి వెళ్లినప్పుడు బండిమీద వదిలిన సంచిలోంచి పోయేవి పైనున్న చిన్న పెట్టెలే.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇటు దసరా, దీపావళి సేల్ సరుకు, అటు తుపాన్లు కలిసే వస్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే. సంచి లోపల మందపాటి పాలిథిన్ కవరు, ఫోన్‌కి జిప్ కవరు, పవర్‌బ్యాంకు లేకుండా ఆ రెండు నెలలూ బయల్దేరకండి. రోడ్డు మూసుకుపోయి వెనక్కి తేవాల్సి వస్తే ఆ రోడ్డు ఫొటో తీసి, టైముతో సహా గ్రూపులో పెట్టండి. 'ప్రయత్నించలేదు' అన్న మాట మీమీద పడకుండా ఉంటుంది.

ఓటీపీ కొడుకు దగ్గర, పార్సిల్ తల్లికి

ఉద్దానంలోనూ, చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆర్డర్ పెట్టేది హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసే కొడుకు. తీసుకునేది ఇక్కడి తల్లిదండ్రులు. ఓటీపీ కొడుకు ఫోన్‌కి వెళ్తుంది. పగలు అతను డ్యూటీలో ఉండి ఎత్తడు. గుమ్మందాకా వెళ్లి 'కస్టమర్ అందుబాటులో లేరు' అని నొక్కితే అవతల కొడుకు 'మా అమ్మ ఇంట్లోనే ఉంది కదా' అని ఫిర్యాదు పెడతాడు. అది తప్పుడు రిమార్కుగా మీ లెక్కలో పడుతుంది.

హబ్‌లోంచి కదిలే ముందే దూరపు ఊళ్ల నంబర్లన్నిటికీ ఫోన్ చేసి, 'పదకొండు, పన్నెండు మధ్య వస్తాను, ఓటీపీ అమ్మగారికి చెప్పి ఉంచండి' అనండి. ఈ కాల్స్ యాప్‌లోంచే చేయాలి. సొంత నంబరు నుంచి చేస్తే కంపెనీ లెక్కలో మీరు ఫోనే చేయనట్టు. మందస, మెళియాపుట్టి కొండవైపు సిగ్నల్ పోయే చోట్ల ముందే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. రిమార్కు మాత్రం ఆ ఇంటిముందు ఉన్నప్పుడే వేయండి. టీకొట్టు దగ్గర కూర్చుని పదిటికి ఒకేసారి 'రేపు ఇమ్మన్నారు' అని కొడితే జీపీఎస్ పదింటికీ ఒకే చోటు చూపిస్తుంది. కొత్తవాళ్ల ఐడీలు ఊడగొట్టే అలవాటు ఇదే.

రిటర్న్ పికప్‌లో మొహమాటం పనికిరాదు. ఫోనైతే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కి, వచ్చిన ఐఎంఈఐ నంబరు యాప్‌లోదీ పెట్టెమీదదీ ఒకటేనా చూడండి. చీరైతే ట్యాగు, మడత, మరక చూడండి. తేడా ఉంటే 'యాప్ తీసుకోవట్లేదండీ' అని తిరస్కరించండి. దయతలిచి తీసుకొస్తే హబ్‌లో చెకింగ్‌లో ఆగిపోయి, ఆ ఫోన్ ధర మీ జీతంలో తేలుతుంది.

సీఓడీ డబ్బు మీది కాదు, అరగంటకైనా

సీఓడీ అంటే పార్సిల్ ఇచ్చి కస్టమర్ దగ్గర తీసుకునే నగదు. అది మూడు రకాలుగా తగ్గుతుంది: చిల్లర వదిలేయడం, దొంగనోటు, సాయంత్రం పెట్రోలుకి వాడుకుని 'జీతంలో సర్దుతాను' అనుకోవడం. మొదటి రెండూ నష్టమే, మూడోది నేరం. అప్పగించిన సొమ్ము సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ కింద నమ్మకద్రోహం, ఉద్యోగి చేస్తే ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

రోజూ 400 రూపాయల చిల్లర (పదులు, ఇరవైలు, యాభైలు) విడిగా తీసుకెళ్లి, సాయంత్రం అంతే మిగిలిందో లేదో చూసుకోండి. డిజిటల్ చెల్లింపు కంపెనీ క్యూఆర్‌కే. 'మీ నంబరుకి కొట్టీసేను బావూ' అని కస్టమర్ అన్నా ఒప్పుకోకండి. కంపెనీ సొమ్ము మీ ఖాతాలో పడిందన్న ఒక్క మాట చాలు, ఆడిట్‌లో అడుగుతారు. క్యాషియర్‌కి డబ్బు ఇచ్చాక యాప్‌లో 'జమ' అని పడేవరకు కౌంటర్ వదలకండి. 'ఇప్పుడు నెట్ లేదు, రేపు ఎక్కిస్తాను' అంటే నోట్ల వివరం రాసి సంతకం తీసుకోండి. మొహమాటంగానే ఉంటుంది. రేపు వచ్చేసరికి ఆ క్యాషియర్ సెలవులో ఉంటే మాత్రం ఆ కాగితం విలువ తెలుస్తుంది.

దీనికి ఒక 200 పేజీల పుస్తకం చాలు. తేదీ, అవుట్, డెలివరీ, రిటర్న్, రావలసిన నగదు, కట్టిన నగదు, తీసుకున్నవారి పేరు, కిలోమీటర్లు. రోజుకి ఒక వరుస. ఐడీ బ్లాకైన మరుక్షణం యాప్‌లోని చరిత్రంతా మీకు కనబడదు. పుస్తకం మాత్రం ఇంట్లో ఉంటుంది.

సంక్రాంతి దాటాక ఎవరు మిగులుతారు

దసరాకి తీసుకున్నవాళ్లలో కొందరిని సరుకు తగ్గగానే ఆపేస్తారు. అప్పుడు మిగిలేది ఎక్కువ ప్యాకెట్లు ఇచ్చినవాడే కానక్కర్లేదు. ఇంకెవరూ వెళ్లని రూటు తెలిసినవాడు, రాత్రి లోడు దిగితే సార్టింగ్ చేయగలిగినవాడు, వ్యాను నడపగలిగినవాడు. కారు లైసెన్సు (ఎల్ఎంవీ) ఉంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి వేరే అనుమతి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బైకు లైసెన్సుతో చేరినవాళ్లు సేల్ లేని నెలల్లో ఇది తీసుకుంటే మంచిది.

హాజరు కూడా లెక్కపెట్టుకోండి. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది నిరంతర సర్వీసు కింద లెక్క. ఆ తర్వాత సరుకు లేదని తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. కొన్ని ఏజెన్సీలు పదకొండో నెలలో రికార్డులో తీసేసి, వేరే పేరుతో మళ్లీ చేర్చుకునేది ఇందుకే. కొత్త కాగితం మీద సంతకం పెట్టమంటే పాతదాని కాపీ దాచుకోండి.

బ్లాక్ అయ్యాక మొదటి రెండు రోజులు

చేతిలో సీఓడీ నగదు ఉంటే అదే రోజు కట్టి రసీదు తీసుకోండి. 'నా జీతం ఇస్తే ఇస్తాను' అని దాన్ని పట్టుకున్నారో, న్యాయం మీవైపు ఉన్నా పోలీస్ స్టేషన్‌కి వెళ్లేది మీరే. సంచి, ఐడీ కార్డు, మిగిలిన పార్సిళ్లు లెక్కతో అప్పగించి సంతకం తీసుకోండి.

ఆ వెంటనే ఇన్‌ఛార్జికి వాట్సాప్, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి: 'ఫలానా తేదీన ఐడీ పనిచేయడం లేదు, కారణం రాతపూర్వకంగా తెలపండి, నష్టం ఉందంటే పార్సిల్ నంబర్లతో చూపండి.' కోపం మాటలొద్దు, ఆ మెయిల్ తర్వాత లేబర్ ఆఫీసర్ చదువుతాడు. మీ నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితేనే, అదీ మీ సంజాయిషీ విన్నాకే కోత వేయాలి. మొత్తం కోతలు ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. తీసేసినా మీరే మానేసినా వేతన బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

ఇవ్వకపోతే జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి నియామక పత్రం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, పుస్తకం జిరాక్స్, మెయిల్ ప్రింటు తీసుకెళ్లండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదానిమీద తేదీతో ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అదే కాపీ పెట్టవచ్చు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, పారిశ్రామిక కార్మికులు దానికి అర్హులు. ఫోన్ 15100.