ఇల్లు చేతులు మారితే కిరాయి ఎవరికి కట్టాలి?

"ఈ ఫ్లాట్ నేను కొన్నా, వచ్చే నెల నుంచి కిరాయి నాకే కట్టండి" అంటూ ఎవరో వస్తారు. పాత ఓనర్ ఫోన్ ఎత్తడు. హైదరాబాద్‌లో ఇది మామూలే. గొడవ పడక్కర్లేదు, డబ్బు మాత్రం అప్పటికప్పుడు ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు అడగండి. నిజంగా కొన్నవాళ్లు వీటికి తడుముకోరు.

వాటితో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) చూడండి, లేదా మీసేవలో తీయించండి. అందులో పేర్ల పక్కన ఈఎక్స్, సీఎల్ అని ఉంటాయి: రాసిచ్చినవారు ఈఎక్స్, రాయించుకున్నవారు సీఎల్. వచ్చినాయన పేరు చివరి సేల్ డీడ్‌లో సీఎల్‌గా ఉండాలి, ఫ్లాట్ నంబర్ కూడా కలవాలి. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ జిరాక్స్ చూపిస్తే ఒప్పుకోకండి, దాంతో ఇల్లు ఆయనది అయిపోదు. కరెంటు బిల్లు అసలు లెక్కలోకే రాదు. బిల్డర్ పేరు మీదే ఏళ్ల తరబడి నడిచే మీటర్లు బోలెడు.

ఆ తర్వాత పాత ఓనర్ సంతకంతో లెటర్ అడగండి: ఏ నెల నుంచి కిరాయి ఎవరికి, మీ అడ్వాన్స్ కొత్తాయన చేతికి వెళ్లిందా లేదా. చాలామంది మొదటిది రాయించుకుని రెండోది మర్చిపోతారు, ఖాళీ చేసే రోజున ఇద్దరి చుట్టూ తిరుగుతారు. అమ్మకం సంగతి తెలియక పాత ఓనర్‌కే కట్టిన కిరాయిని మళ్లీ కట్టాల్సిన పని లేదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. తెలిశాక కడితే ఆ రక్షణ ఉండదు.

ఓనర్ చనిపోతే ఈసీలో ఏమీ కనిపించదు, వారసత్వానికి రిజిస్ట్రేషన్ ఉండదు కదా. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి, అందులో ఉన్నవాళ్లంతా సంతకం చేసి చెప్పిన ఒక్క ఖాతాకే వేయండి. చనిపోయినాయన తన తరఫున వ్యవహారాలు చూడమని ఇచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) సాధారణంగా ఆయనతోనే పోతుంది.

వారసులు కొట్టుకుంటున్నారని కిరాయి ఆపేస్తే బాకీదారు మీరే అవుతారు. నెలనెలా విడిగా జమ చేస్తూ, అందరికీ రాతపూర్వకంగా చెప్పి, వకీలు ద్వారా ఇంటర్‌ప్లీడర్ దావా (డబ్బు ఎవరికి చెందుతుందో తేల్చమని కోర్టును అడిగే కేసు) వేసి సొమ్ము కోర్టులో కట్టొచ్చు. రెంట్ కంట్రోలర్ దగ్గర కట్టమని సలహా ఇస్తారు గానీ, కార్పొరేషన్‌లో నెల కిరాయి 3,500 దాటితే ఆ అధికారికి ఆధారమైన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. ఇక బయటివాడెవడో వచ్చి "ఈ ఇల్లు అసలు మీ ఓనర్‌ది కానే కాదు" అంటే ఇంటర్‌ప్లీడర్ దావా కూడా కుదరదు, కోర్టు ఆర్డర్ వచ్చేదాకా మీకు ఇల్లిచ్చినవాళ్లకే కట్టండి.