కుక్క మూత్రంలో క్రిస్టల్స్ అని రిపోర్ట్ వస్తే ఏం చేయాలి?

మా బుజ్జి ఆరేళ్ళ ఆడ పగ్. ఒకరోజు పొద్దున వాకింగ్‌లో కూర్చుంటుంది, నాలుగు చుక్కలు పోస్తుంది, లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. ఇంటికొచ్చాక బాల్కనీలో తెల్ల టైల్ మీద పోసింది, చూస్తే లేత గులాబీ రంగు. మూత్రం పరీక్ష చేయిస్తే, రిపోర్టులో ‘స్ట్రువైట్ క్రిస్టల్స్’ అన్న మాట కంటపడగానే ఆ రాత్రే ఫోన్లో ఖరీదైన డైట్ ఫుడ్ ఆర్డర్ పెట్టేశాను. అక్కడే తొందరపడ్డాను. క్రిస్టల్ వేరు, రాయి వేరు. క్రిస్టల్ అంటే మైక్రోస్కోప్‌లో కనిపించే సన్నటి రేణువు, స్ట్రువైట్ అందులో ఒక రకం. ఏ బాధా లేని కుక్క మూత్రంలో కూడా క్రిస్టల్స్ కనిపిస్తాయి. ఇన్ఫెక్షన్ లేదు, రాయి లేదు, కుక్క హాయిగా ఉంది అంటే చాలాసార్లు మందే అక్కర్లేదు.

ముందు ఒక్కటి చూసుకోండి. ముక్కుతోంది కానీ చుక్క కూడా రావడం లేదా? పొద్దున దాకా ఆగకండి, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మగకుక్కలకు ఈ ప్రమాదం ఎక్కువ, వాటి అంగంలో చిన్న ఎముక ఉంటుంది, రాయి వచ్చి సరిగ్గా దాని వెనకే ఇరుక్కుంటుంది. వాంతులు, పొట్ట గట్టిపడటం మొదలైతే ఇక క్షణం కూడా ఆలస్యం చేయొద్దు.

మూత్రం వస్తోంది అంటే శాంపిల్ పట్టాలి. పొద్దున మొదటిసారి పోసేది మంచిది. పొడుగు కాడ ఉన్న గరిటె వెనకనుంచి మెల్లగా కిందకి జరిపి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. బుజ్జి మరీ పొట్టిది కాబట్టి గరిటె దూరదు, స్టీలు డబ్బా మూతే గతి, అది చూడగానే లేచి వెళ్ళిపోయేది, మూడు రోజులు పట్టింది మాకు! పట్టింది అరగంట, గంటలోపు ల్యాబ్‌కి చేరాలి. ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి అందులోనే కొత్తగా క్రిస్టల్స్ ఏర్పడతాయి, లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది. మా మొదటి శాంపిల్ రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంది మరి.

తర్వాత డాక్టర్ని కల్చర్, అంటే మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష, చేయమని అడగండి. దీనికి గరిటెలో పట్టింది పనికిరాదు, పొట్ట మీదనుంచి సన్నటి సూదితో మూత్రాశయంలోంచే తీస్తారు, చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ క్షణాల్లో అయిపోతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయించాలి. ఎక్స్‌రే, స్కానింగ్ కూడా చేయించండి, ఎందుకంటే స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు ఎక్స్‌రేలో కనిపిస్తాయి, యూరేట్ రాళ్ళు తరచూ కనిపించవు.

రాయి ఏ రకం అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. కుక్కల్లో స్ట్రువైట్ రాళ్ళకు మూలం దాదాపుగా ఇన్ఫెక్షనే. కొన్ని బ్యాక్టీరియాలు యూరియాను విరగ్గొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి, అందులో మెగ్నీషియం, ఫాస్ఫేట్ గడ్డకడతాయి. ఆడకుక్కల్లో ఎక్కువ. ఈ రాయి డైట్‌తో కరుగుతుంది. ఆక్సలేట్ కరగదు, తీయించాల్సిందే. షిట్జూ, లాసా ఆప్సో, మినియేచర్ ష్నాజర్ పెంచేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. డాల్మేషియన్లకు యూరేట్ పుట్టుకతో వచ్చే బెడద.

మామూలు ఇన్ఫెక్షన్‌కి 3 నుంచి 5 రోజుల కోర్సు సరిపోవచ్చు. రాయి కూడా ఉంటే లెక్క వేరు, బ్యాక్టీరియా రాయి లోపలే దాక్కుని ఉంటుంది, అది కరిగేకొద్దీ బయటికొస్తుంది, అందుకే డైట్‌తో పాటు మందు ఎన్నాళ్ళు వాడాలో డాక్టరే చెప్పాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయొద్దు. మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అసలే వద్దు.

కరిగించే డైట్ పెడితే అదొక్కటే పెట్టాలి, ఇదే అన్నిటికన్నా కష్టం. ఇంట్లో పెద్దవాళ్ళు ‘పాపం నోరులేని జీవం’ అని గుప్పెడు పెరుగన్నం పెడతారు, మీరు వారాలు పడ్డ కష్టం అక్కడే నీరుగారుతుంది. నెలకోసారి ఎక్స్‌రే తీసి రాయి తగ్గుతోందో లేదో చూస్తారు. గుండె జబ్బు, కిడ్నీ సమస్య, ప్యాంక్రియాస్ వాపు ఉన్నవాటికి ఈ డైట్ పడకపోవచ్చు, ముందే చెప్పండి.

ఇక నీళ్ళు. రకం ఏదైనా సాయం చేసేది ఇవే. కిలోకి రోజుకి 50-60 మిల్లీలీటర్లు అనుకోండి, తిండిలో ఉన్న తడితో కలిపి. ఎనిమిది కిలోల బుజ్జికి అర లీటరుకి కాస్త తక్కువ. డైట్ తిండిలోనే గోరువెచ్చటి నీళ్ళు పోసి జావలా చేసి పెడతాను, రెండు చోట్ల గిన్నెలు పెట్టాను. రాత్రి పడుకునే ముందు ఒకసారి కిందికి దింపడం తప్పనిసరి, అపార్ట్‌మెంట్ కుక్కలు గంటలకొద్దీ బిగపట్టుకుంటాయి.

కొండపిండాకు రసం, ఉలవచారు పట్టమని సలహాలు బోలెడు వస్తాయి. ఉలవచారులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, ఉల్లి వెల్లుల్లి కుక్కకి విషం. నిమ్మరసం, వెనిగర్‌తో ఇన్ఫెక్షన్ పోదు.

మందు అయిపోయాక కూడా మూత్రం మళ్ళీ ఇలాగే వస్తుంటే, ఆర్నెల్లలో రెండుసార్లు గానీ ఏడాదిలో మూడుసార్లు గానీ ఇన్ఫెక్షన్ తిరగబెడితే, కొత్త మందు కాదు, కారణం వెతకమనండి. షుగర్ ఉండొచ్చు, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) ఉండొచ్చు. మా బుజ్జికి తేలింది వేరే, మూత్రద్వారం చుట్టూ ఉన్న చర్మపు మడతలో తడి నిలిచిపోతోంది. ఇప్పుడు రోజూ రెండుపూటలా మెత్తటి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తుతున్నాం.